శ్రీహరికోట కట్టెల నుంచి నాయుడుపేట సోలార్ సెల్ దాకా

ఆంధ్ర తీరంలో ఇంధన చరిత్ర: 11వ భాగం

కృష్ణపట్నం బొగ్గు కథ గత భాగంతో ముగిసింది. ఓడల్లో వచ్చే బొగ్గు, దాన్ని నమ్ముకుని లేచిన థర్మల్ కేంద్రాలు, ఇండోనేషియా ధర పెంచగానే మూలనపడిన నాలుగు వేల మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు, వీటన్నిటినీ చూశాం. ఈసారి పదహారో నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి దిగి నాయుడుపేటలో ఆగుదాం.

నాయుడుపేట అంటే చాలామందికి తెలిసింది రెండే: చెన్నై రైలు మార్గంలో ఒక స్టేషన్, తిరుపతి రోడ్డు చీలే కూడలి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ ఊరు తరతరాలుగా నెల్లూరు జిల్లాది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో కలిసింది. కాగితం మీద జిల్లా మారినా మాట, మాగాణి, మార్కెట్టు నెల్లూరివే. ఈ ఊరి పక్కన మేనకూరులో గాలిమరల రెక్కలు తయారయ్యాయి. ఇప్పుడు ఇక్కడే దేశంలోని పెద్ద సోలార్ సెల్ ఫ్యాక్టరీలు కొన్ని రాబోతున్నాయి. పత్రికలు దీన్ని కొత్త యుగం అని రాస్తున్నాయి. కొత్తదే, కాదనను. కానీ ఈ తీరం ఇంకొకరి ఇంటికి వెలుగు, వేడి పంపడం ఇది మొదటిసారి కాదు. దాదాపు రెండు వందల ఏళ్లుగా ఇదే పని చేస్తోంది. ఆ పాత లెక్క తెలియకుండా కొత్త లెక్క మనకు సరిగా అర్థం కాదు.

ముందు ఎండ సంగతి. సౌరశక్తి అనగానే మనకు నీలిరంగు పలకలు గుర్తొస్తాయి గానీ, ఈ తీరంలో ఎండను పనిలో పెట్టిన తొలి పరిశ్రమ ఉప్పు. సముద్రపు కయ్యనీటిని వరస మడుల్లోకి మళ్లించి, ఒక్కో మడిలో కొంత చిక్కబడనిచ్చి, చివరి మడిలో గడ్డకట్టించే విద్యకు కట్టె అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు. కావలసింది ఎండ, గాలి, మనిషి నడుం. నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకాశం మూసుకుపోతుంది. అందుకని ఉప్పు పని సంక్రాంతి దాటాకే ఊపందుకుని వేసవి అంతా సాగేది. ఈ రుతుచక్రాన్ని గుర్తుంచుకోండి. ఇవాళ ఇదే తీరంలో సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్లకు ఏ నెలల్లో కరెంటు తగ్గుతుందో ఉప్పు కయ్యల్లో పనిచేసిన మనిషి నిద్రలో అడిగినా చెప్పగలడు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తీసుకుంది. ఎండ ఎవరి సొత్తూ కాకపోయినా ఎండతో పండిన ఉప్పు మీద సర్కారు ముద్ర పడింది. పండించినవాడు తన మడిలోని ఉప్పును తనకు నచ్చినవాడికి అమ్ముకోలేని రోజులు వచ్చాయి.

ఇక కట్టెల సంగతి. ఈ భాగంలో నేను ఎక్కువ సేపు ఆగదలచుకున్నది ఇక్కడే.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో మద్రాసు పట్నం పెరుగుతోంది. ఇళ్లలో వంటకు, ఇటుక బట్టీలకు, సున్నపు బట్టీలకు కట్టె కావాలి. చుట్టుపక్కల చిట్టడవులు తరిగిపోతున్నాయి. ఉత్తరాన పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య సన్నగా సాగిన దీవి శ్రీహరికోట. దాని నిండా దట్టమైన అడవి. అక్కడ ఉన్నది ప్రధానంగా యానాదులు. అడవి దుంపలు, తేనె, చేపలు, మూలికలు వాళ్ల బతుకుతెరువు. 1835లో ప్రభుత్వం ఆ దీవిని తన చేతుల్లోకి తీసుకుంది. ఉద్దేశం దాచలేదు. యానాదుల చేత అడవి సరుకు సేకరింపజేయాలి, మద్రాసుకు వంటచెరకు పంపాలి. నిన్నటిదాకా తమ అడవిలో తాము తిరిగిన మనుషులు, ఆ ఏడాది నుంచి సర్కారు అడవిలో కట్టె కొట్టే కూలీలయ్యారు.

కట్టె మద్రాసు చేరింది నీటి దారిన. 1806లో బాసిల్ కొక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన చిన్న కాలువ, దశాబ్దాల పాటు ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరుగుతూ వచ్చింది. 1876–78 ధాత కరువులో తిండి లేని జనం చేత కరువు పనిగా మిగిలిన ముక్కలను తవ్వించి కలిపారు. 1878లో నాటి మద్రాసు గవర్నరు పేరు మీద అది బకింగ్‌హాం కాలువ అయింది. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. దాని మీద నడిచిన పడవలకు యంత్రాలు లేవు. గాలి వాలుగా ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ చాలకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు. ఉప్పు, ధాన్యం, కట్టె, తర్వాతి రోజుల్లో తీరం వెంట ఇసుక నేలల్లో వేసిన సరుగుడు, అన్నీ ఈ కాలువ మీదే పోయాయి.

కాసేపు ఆ బొమ్మను మనసులో పెట్టుకోండి. ఎండతో పండిన ఉప్పు. మళ్లీ చిగురించే అడవి నుంచి కట్టె. గాలితో నడిచే పడవ. ఇవాళ్టి భాషలో చెబితే పూర్తిగా పునరుత్పాదక ఆర్థిక వ్యవస్థ. అయినా ఆ వ్యవస్థలో యానాది పేదగానే ఉన్నాడు, పడవ లాగినవాడు పేదగానే ఉన్నాడు. ఇంధనం శుభ్రమైనది అయినంత మాత్రాన పంపకం న్యాయంగా ఉండదని ఈ తీరం ఎప్పుడో చూసింది. సోలార్ గురించి రాసేటప్పుడు ఈ మాట ఎవరూ గుర్తు చేయరు కాబట్టి నేను ఇక్కడ గట్టిగా చెబుతున్నాను.

రైలు వచ్చింది. 1899 నాటికి మద్రాసు, విజయవాడ పట్టాలతో కలిశాయి. కాలువ మెల్లగా ప్రాధాన్యం కోల్పోయింది. ఇరవయ్యో శతాబ్దపు తుపానులు, పూడిక దాన్ని చాలా చోట్ల మురుగు గుంటగా మార్చేశాయి.

ఈలోగా నాయుడుపేటకు ఉత్తరాన గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల్లో ఇంకొక సరుకు బయటపడింది. అభ్రకం, ఇక్కడివాళ్ల నోట మైకా. ఇది ఇంధనం కాదు. అయితే విద్యుత్తు యుగమే దీని మీద నిలబడింది. విద్యుత్ మోటార్లలో, డైనమోల్లో, తర్వాత రేడియో కెపాసిటర్లలో, ఇస్త్రీపెట్టెల్లో కరెంటు దారి తప్పకుండా ఆపడానికి, వేడికి కాలకుండా ఉండటానికి మైకా రేకును మించినది అప్పట్లో లేదు. నెల్లూరు ఇనికుర్తి గనిలో పదడుగుల వెడల్పున్న మైకా దిమ్మలు దొరికాయని 1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోనే రాసి ఉంది. లండనులో, బెర్లిన్‌లో తిరిగిన మోటార్ల కడుపులో మన మైకా ఉండగా, దాన్ని కత్తులతో పొరలు పొరలుగా చీల్చిన గూడూరు ఆడవాళ్ల ఇళ్లలో కిరసనాయిలు బుడ్లే వెలిగాయి. కృత్రిమ పదార్థాలు వచ్చాక మైకా గిరాకీ పడిపోయింది. గనులు గుంటలుగా మిగిలాయి.

స్వాతంత్ర్యం తర్వాత కరెంటు ఊళ్లకు రావడం మొదలైంది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1965లో నెల్లూరులోనే ముప్పై మెగావాట్ల చిన్న థర్మల్ కేంద్రం నడిచింది. దాని గురించి ఏడో భాగంలో వివరంగా రాశాను, మళ్లీ చెప్పను.

సోలార్ విద్యుత్తు మాత్రం ఈ తీరానికి చాలా విచిత్రమైన దారిలో, నేల మీదుగా కాక ఆకాశం మీదుగా వచ్చింది. ఒకప్పుడు మద్రాసుకు కట్టెలు పంపిన శ్రీహరికోట దీవినే 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. దీవి మీది కుటుంబాలను ఖాళీ చేయించారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి చిన్న రాకెట్ ఎగిరింది. 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వి–3 సముద్రంలో కూలింది. 1980 జూలై 18 ఉదయం అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ఉపగ్రహానికి బతుకు ఇచ్చింది దాని ఒంటి మీది సోలార్ సెల్స్. మొత్తం పదహారు వాట్లు. ఇవాళ మన ఇంట్లో రెండు ఎల్‌ఈడీ బల్బులకు చాలేంత కరెంటు.

ఆ సెల్ చరిత్ర అప్పటికి పాతికేళ్లది. ఎండ పడితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని 1839లోనే ఫ్రాన్సులో బెకెరెల్ గమనించాడు. పనికొచ్చే సిలికాన్ సెల్‌ను అమెరికా బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు 1954 ఏప్రిల్‌లో చూపించారు. మీద పడిన ఎండలో ఆరు శాతం కరెంటుగా మారింది. ఖరీదు మాత్రం మామూలు మనిషి ఊహకు అందదు. అందుకే దానికి తొలి కొనుగోలుదారు అంతరిక్షం. 1958 మార్చిలో అమెరికా పంపిన వాన్‌గార్డ్–1 సోలార్ సెల్స్‌తో పనిచేసిన తొలి ఉపగ్రహం. మన దేశంలో సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లో తొలి సోలార్ సెల్ తయారు చేసింది. సూళ్లూరుపేట, నాయుడుపేట జనం మిద్దెలెక్కి రాకెట్ నిప్పును చూసిన ఆ రోజుల్లో, రాకెట్ మోసుకుపోతున్న ఆ నల్లటి పలకలు నలభై అయిదేళ్లకు తమ ఊళ్లోనే తయారు కాబోతున్నాయని ఎవరూ అనుకుని ఉండరు.

1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాక ప్రపంచమంతా వేరే దారులు వెతికింది. మన దేశంలో 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగం పుట్టింది. 1992లో అది ప్రత్యేక మంత్రిత్వ శాఖ అయింది. 1986లో మన రాష్ట్రానికి సంప్రదాయేతర ఇంధన అభివృద్ధి సంస్థ నెడ్‌క్యాప్ వచ్చింది. తర్వాత దాని పేరు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్. ఆ తొలి రోజుల్లో ఊళ్లలో కనిపించింది గోబర్ గ్యాస్ తొట్లు, పొగరాని పొయ్యిలు, అద్దం మూత ఉన్న సోలార్ కుక్కర్లు. చాలా కుక్కర్లు అటకెక్కాయి. అన్నం పొద్దున ఎనిమిదింటికి కావలసిన ఇంటికి మధ్యాహ్నపు ఎండలో ఉడికే కుక్కర్ ఎందుకు నప్పలేదో అప్పుడు ఆ ఇల్లాలిని అడిగినవాళ్లు తక్కువ. గోబర్ గ్యాస్ మాత్రం పాడి ఉన్న ఇళ్లలో నిలిచింది.

దాదాపు ఇదే కాలంలో ఉత్తర ఐరోపాలో ఒక చిన్న తీర దేశం వేరే కథ రాసుకుంది. డెన్మార్క్. మన తెలుగు నేల కన్నా చాలా చిన్నది. చుట్టూ సముద్రం, తెంపులేని గాలి. 1891లోనే ఆస్కోవ్ అనే ఊళ్లో పౌల్ లా కూర్ అనే బడి పంతులు గాలిమరతో కరెంటు తీశాడు. రైతుల పిల్లలకు ఎలక్ట్రీషియన్ పని కూడా నేర్పించాడు. 1957లో యోహానెస్ యూల్ గెడ్సర్‌లో 200 కిలోవాట్ల మరను నిలబెట్టాడు. చమురు సంక్షోభం వచ్చేసరికి ఆ దేశం ఇంధనంలో తొంభై శాతం పైగా దిగుమతి చమురు మీద నడుస్తోంది. అప్పుడు కదిలింది ప్రభుత్వం ఒక్కటే కాదు. ట్విన్డ్ అనే చోట ఉపాధ్యాయులు, వాలంటీర్లు కలిసి 1978లో తామే ఒక పెద్ద గాలిమర కట్టారు. ఊరివాళ్లు వాటాలు వేసుకుని సహకార సంఘాలుగా మరలు కొన్నారు. 1991లో విండెబీ దగ్గర ప్రపంచంలోనే తొలిసారి సముద్రంలో గాలిమరలు నిలిపారు. 2000లో కోపెన్‌హాగన్ ఎదుట సముద్రంలో పెట్టిన మిడెల్‌గ్రుండెన్ కేంద్రంలో ఇరవై మరలు, నలభై మెగావాట్లు. అందులో సగం దాదాపు ఎనిమిదిన్నర వేల మంది సభ్యులున్న ఒక సహకార సంఘానిది. ఇవాళ ఆ దేశపు కరెంటులో సగం పైగా గాలిదే. డెన్మార్క్‌లో గాలిమరకు ఊళ్లలో వ్యతిరేకత తగ్గడానికి పెద్ద కారణం, ఆ మరలో ఆ ఊరికి వాటా ఉండటమే.

మరి మన తీరంలో గాలి లేదా? ఉంది, మరీ బలంగా లేదు. ఎందుకంటే నైరుతి రుతుపవనాల గాలి పడమటి కనుమల సందుల్లోంచి దూసుకొచ్చి తమిళనాడులో ముప్పందల్ లాంటి చోట్ల, అనంతపురం, కర్నూలు, కడప ఎత్తు నేలల మీద బలంగా వీస్తుంది. తూర్పు తీరపు పల్లపు నేలకు వచ్చేసరికి ఆ జోరు సన్నగిల్లుతుంది. దేశంలో తొలి గాలిమరల కేంద్రాలు 1986లో ఓఖా, రత్నగిరి, తూత్తుకుడి లాంటి తీరాల్లోనే వెలిసినా, మన రాష్ట్రంలో గాలి విద్యుత్తు అనంతపురం జిల్లా రామగిరి కొండల్లో వేళ్లూనింది. తిరుమల కాకులకొండ మీది మరలు దర్శనానికి వెళ్లే ప్రతివాడికీ తెలిసినవే.

అలా గాలి వీచేది రాయలసీమలో అయినా, ఆ గాలిని పట్టే రెక్క తయారయ్యింది నాయుడుపేటలో. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ మేనకూరులో వేసిన ప్రత్యేక ఆర్థిక మండలిలో, స్పెయిన్ కంపెనీ గమేసా 2010ల రెండో భాగంలో రెక్కల ఫ్యాక్టరీ పెట్టింది. 2017లో జర్మన్ సీమెన్స్ పవన విభాగంతో కలిసి అది సీమెన్స్ గమేసా అయింది. ఎంచుకున్న చోటు చూస్తే కారణం తెలుస్తుంది. ఒక పక్క చెన్నై, కృష్ణపట్నం రేవులు. ఇంకొక పక్క తిరుపతి మీదుగా గాలి కొండలకు రోడ్డు. గాలిమర రెక్క చేసేటప్పుడు అచ్చులో పరచిన గాజునార మీద ఎపాక్సీ జిగురు పోసి, మధ్యలో తేలికైన బల్సా చెక్క, ఫోమ్ పెట్టి, రెండు సగాలుగా చేసి అతికిస్తారు. యాభై, అరవై మీటర్ల పొడుగు. యంత్రం కన్నా చేతి పనే ఎక్కువ. నార ఒక్క చోట ముడతపడితే రెక్క జీవితకాలం తగ్గిపోతుంది. ఐటీఐ, డిప్లొమా చదివిన ఈ చుట్టుపక్కల పిల్లలకు అది మంచి నైపుణ్యం. 2025లో సీమెన్స్ గమేసా తన భారత వ్యాపారంలో అధిక వాటాను టీపీజీ నేతృత్వంలోని పెట్టుబడి బృందానికి అమ్ముతున్నట్టు ప్రకటించింది. యజమానులు మారుతారు. రెక్క చేసే చేయి మాత్రం ఈ ఊళ్లది.

ఇక సోలార్ సెల్ కథకు వద్దాం. 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు తొలి విడత వేలంలో యూనిట్ ధర సగటున 12 రూపాయలు దాటింది. 2015 నవంబరులో కర్నూలు జిల్లా గని దగ్గర సోలార్ పార్కుకు జరిగిన వేలంలో 4 రూపాయల 63 పైసలకు సన్‌ఎడిసన్ పాట పాడింది. దేశమంతా నోరు తెరిచింది. ఏడాది తిరక్కుండా ఆ కంపెనీ దివాలా తీసి, ప్రాజెక్టు గ్రీన్‌కో చేతికి వెళ్లింది. 2017లో కర్నూలు వెయ్యి మెగావాట్ల పార్కు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో ధర 1 రూపాయి 99 పైసలకు దిగింది. పదేళ్లలో ఆరో వంతు.

ధర దిగింది ప్రధానంగా చైనా ఫ్యాక్టరీల వల్ల. తెల్లరాయి నుంచి సిలికాన్, దాన్ని శుద్ధి చేస్తే పాలీసిలికాన్, దాన్ని దిమ్మగా పోస్తే ఇంగట్, పలచగా కోస్తే వేఫర్, దాని మీద పొరలు వేస్తే సెల్, సెల్స్‌ను గాజు కింద పేర్చి బిగిస్తే మాడ్యూల్. ఈ మెట్లు అన్నిటిలోనూ చైనా వాటా ఎనభై శాతం దాటిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది. మనం చాలాకాలం చివరి మెట్టు దగ్గరే ఉన్నాం. సెల్ బయటినుంచి తెచ్చి ఇక్కడ బిగించడం. కేంద్రం 2021లో 4,500 కోట్లతో, ఆ తర్వాత ఇంకో 19,500 కోట్లతో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి సెల్ మీద 25 శాతం, మాడ్యూల్ మీద 40 శాతం సుంకం వేసింది. దేశీయ సెల్స్ వాడాలన్న నిబంధన 2026 జూన్ నుంచి అమలు అని ప్రకటించింది. సోలార్ ఫ్యాక్టరీలు ఒక్కసారిగా మన తీరం వెంట భూమి వెతకడానికి కారణం ఈ తేదీలే.

నాయుడుపేటకు అప్పటికే కొంత సిద్ధబాటు ఉంది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు 2016లో ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణం మంజూరు చేసినప్పుడు, నీళ్లు, కరెంటు, రోడ్ల పనులకు ఎంచుకున్న చోట్లలో ఇదొకటి. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సమీకృత క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. అందులో పెట్టుకున్న లక్ష్యం పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు. హైదరాబాద్ కేంద్రంగా 1995లో మొదలైన ప్రీమియర్ ఎనర్జీస్, నాలుగు గిగావాట్ల టాప్‌కాన్ సెల్ ఫ్యాక్టరీని మొదట తెలంగాణలో అనుకుని 2025లో నాయుడుపేటకు మార్చుకుంది. కోల్‌కతా కంపెనీ వెబ్‌సోల్ కూడా ఇక్కడే నాలుగు గిగావాట్ల ఫ్యాక్టరీకి సిద్ధపడింది. టాప్‌కాన్ అంటే సెల్ వెనక వైపు ఒకటి రెండు నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర వేసి, పుట్టిన కరెంటు ఆ వెనక ఉపరితలం దగ్గర వృథా కాకుండా పట్టే పద్ధతి. 1954 నాటి ఆరు శాతం ఇప్పుడు పాతిక శాతం దగ్గర ఉంది. ఇవి కట్టి నడిపితే, ఒక్క నాయుడుపేట ఏడాదికి తయారు చేసే సెల్స్ కర్నూలు లాంటి పార్కులు ఎనిమిదింటికి సరిపోతాయి. పాఠకులు ఒక్కటి గమనించాలి. ఇది కరెంటు తీసే ప్లాంటు కాదు, కరెంటు తీసే వస్తువును చేసే ఫ్యాక్టరీ. ఇక్కడ తయారైన సెల్ రాజస్థాన్‌లోనో అమెరికాలోనో వెలుగు ఇస్తుంది.

దీనివల్ల ఈ నేలకు మేలు లేదని నేను అనను. మేలు ఉంది. కానీ రెండు సంగతులు నన్ను కలవరపెడతాయి. మొదటిది నీళ్లు. సెల్ తయారీలో వేఫర్‌ను మాటిమాటికీ అతి శుద్ధమైన నీటితో కడుగుతారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పొరలు చెరుపుతారు. ఆ నీటిలోని ఫ్లోరైడును సున్నంతో పట్టి వేరు చేయాలి. చేసే పద్ధతి తెలుసు, యంత్రాలు దొరుకుతాయి, రోజూ చేయించే పట్టుదలే కావాలి. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. ఇదే ప్రాంతం కండలేరు మీదుగా చెన్నైకి కృష్ణా జలాలను పంపుతోంది. 1983 ఒప్పందం, 1996లో పూండి జలాశయం చేరిన నీళ్లు. 1835లో మద్రాసుకు కట్టె, 1996లో మద్రాసుకు నీరు. ఇచ్చే చేయి ఈ తీరానిదే.

రెండోది నేల. తూర్పున చిల్లకూరు, కోట మండలాల్లో మోమిడి, బల్లవోలు వైపు పరుచుకున్న తెల్ల సిలికా ఇసుక గాజు పరిశ్రమకు ముడి సరుకు. సోలార్ పలక బరువులో ఎక్కువ భాగం గాజే. ఈ ఇసుక తవ్వకాలతో బావులు అడుగంటుతున్నాయనీ, అనుమతి దాటి తవ్వుతున్నారనీ ఆ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. మైకా గుంటల నేలలో పుట్టినవాళ్లకు తవ్వినాక ఏం మిగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. అప్పటి నెల్లూరు జిల్లా ఉత్తర కొసన ఉలవపాడు మండలం కరేడులో ఇండోసోల్ సోలార్ ఫ్యాక్టరీకి భూసేకరణ మొదలవగానే 2025లో రైతులు వేల సంఖ్యలో రోడ్డెక్కి జాతీయ రహదారిని దిగ్బంధించారు. ఏడాదికి రెండు మూడు పంటలు పండే మాగాణి మాదని వాళ్ల మాట. సోలార్ మంచిదే కదా, ఎందుకు అడ్డం అని పట్నంలో కూర్చుని అడగడం తేలిక. కరేడు రైతు అడిగింది సోలార్ వద్దని కాదు. పంట నేల వదిలి బీడు నేల చూడమని. అది న్యాయమైన కోరిక అని నా నమ్మకం.

డెన్మార్క్ నుంచి నేర్చుకోవలసింది గాలిమర పొడవు కాదు, ఆ వాటా. ఊరు తన కరెంటుకు తానే యజమాని కావడం మనకు కొత్తా కాదు. సిరిసిల్లలో 1970లో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం, ‘సెస్’ అన్న పేరుతో ఇవాళ్టికీ నడుస్తోంది. కుప్పంలోనూ అలాంటి సంఘమే దశాబ్దాల పాటు కరెంటు పంచింది. ఆ సంఘాల చేతికి సోలార్ ఎందుకు ఇవ్వకూడదు? తీరం పొడవునా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. కరెంటు ఖర్చే ఆక్వా రైతును కుంగదీస్తోంది. పగటి వాడకానికి చెరువు గట్ల మీదే పలకలు పెట్టుకునే సహకార సంఘాలకు నాయుడుపేట ఫ్యాక్టరీల నుంచి తయారీ ధరకు పలకలు ఇప్పించవచ్చు. భూమి, నీరు, రాయితీలు తీసుకున్న కంపెనీని ఆ మాత్రం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. మండలంలోని ప్రతి ప్రభుత్వ బడి, ఆసుపత్రి కప్పు మీద ముందుగా ఇక్కడి పలకే ఎక్కాలి. ఇది ఒప్పంద పత్రంలో రాయించాలి, మాటగా వదిలేయకూడదు.

సొంత మిద్దె ఉన్నవాళ్లకు మరొక మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, అంతకు మించితే 78 వేల రూపాయలు కేంద్ర రాయితీ. ఈశాన్య రుతుపవనాల మూడు నెలలు తక్కువ వస్తుందని లెక్కలో పెట్టుకునే బిగించుకోండి. నాయుడుపేట, చిల్లకూరు, కోట, వాకాడు మండలాల పాఠకులు కొత్త ఫ్యాక్టరీల పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు కనబడితే తప్పక వెళ్లండి. రోజుకు ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి, వాడిన నీళ్లు ఎక్కడికి అని అడిగి జవాబును మినిట్స్‌లో రాయించండి. అది రాయించుకునే హక్కు మీకు చట్టం ఇచ్చింది.

వచ్చే భాగం: పిన్నాపురం. పగటి ఎండను రాత్రికి దాచిపెట్టే నీటి కథ.